బొమ్మా బొరుసా వేసుకుని సంసారం చేయొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులమే. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. బాబుకు ఆరో ఏడు వస్తోంది. నాకు మొదట్నుంచీ ఏదీ ఒక పట్టాన తేలదు. పొద్దున టిఫిన్ ఏం చేయాలి, పెళ్లికి ఏ చీర కట్టుకోవాలి, ఆదివారం ఎక్కడికి వెళ్లాలి, ప్రతిదానికీ మీనమేషాలు లెక్కపెడతాను. ఆఫీసులో ఒకావిడ "రూపాయి బిళ్ల ఎగరేసెయ్, గోల వదులుతుంది" అంది. సరదాగా మొదలుపెట్టాను. నిజంగానే ప్రాణం హాయిగా ఉంది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ రిమోట్ ఎవరిది అన్న దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు ఎవరు తోమాలి అన్నదాకా అంతా బొమ్మా బొరుసే. అత్తయ్యకు ఇది నచ్చలేదు. "బుర్ర ఉన్నవాళ్లు చేసే పనేనా ఇది? అయినా ఎప్పుడు చూసినా నీదే పడుతుందేం?" అంటున్నారు. మామయ్య మాత్రం స్థలం కొనాలన్నా, ప్రయాణం పెట్టుకోవాలన్నా ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు పొట్లాలు కట్టి దేవుడి ముందు పెట్టి, బాబు చేత ఒకటి తీయిస్తారు. దాన్ని ఎవరూ తప్పనరు! ఇంతలో రెండు పెద్ద విషయాలు వచ్చి పడ్డాయి. బాబును ఒకటో తరగతిలో వేయడానికి రెండు స్కూళ్లు చూశాం, ఏదీ తేలడం లేదు. మా ఆయనకు బెంగళూరులో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది. అక్కడికి వెళ్తే నేను ఇక్కడి ఉద్యోగం మానేయాలి. "నీ పద్ధతే కదా, టాస్ వేసేద్దాం, ఏది పడితే అది" అంటున్నారు. కాదనడానికి కారణం దొరకడం లేదు, ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: బెంగళూరు సంగతికి టాస్ వేయకండి. ఆయన మళ్లీ అడిగితే మీ దగ్గర మాట సిద్ధంగా ఉండాలని ముందే చెప్పేస్తున్నాను. కారణం మీకు దొరకలేదు గానీ, మనసు రాకపోవడం వెనక ఒక మంచి కారణమే ఉంది. దాన్ని పట్టుకోవాలంటే మాత్రం టిఫిన్ దగ్గర్నుంచి రావాలి.

ఉప్మానా దోసెలా అని నాణెం ఎగరేయడంలో తప్పు లేదు. బుర్ర లేకపోవడం అసలే కాదు. మీ ఇంట్లో రెండూ అందరూ తింటారు, రెండింటికీ సరుకులు ఉన్నాయి, ఏది చేసినా తొమ్మిదింటికి అందరూ ఇంట్లోంచి బయటపడాల్సిందే. ఒక విషయం తేలడం లేదంటే అది చాలా కష్టమైనదని, ఇంకా ఆలోచించాలని మనకు అనిపిస్తుంది. చాలాసార్లు సంగతి అది కాదు. రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి కాబట్టే తేలడం లేదు. సమానంగా ఉన్నప్పుడు ఏది ఎంచుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. పోయేదల్లా మీరు పొయ్యి ముందు నిలబడి ఆలోచించిన సమయం. నాణెం ఆ సమయాన్ని మీకు మిగిల్చింది. హాయిగా ఉందన్నారు, ఉండకేం?

అయితే ఆ నాణెం మీకు ఏమిచ్చిందో జాగ్రత్తగా చూడండి. ఒక ముగింపు ఇచ్చింది. ఎవరి పక్షమూ పట్టని తీర్పు ఇచ్చింది. ఏది మంచిదో మాత్రం చెప్పలేదు, ఆ సంగతి దానికి తెలియదు. కాబట్టి ఎక్కడ కొరతగా ఉన్నది ముగింపో, నిష్పక్షపాతమో అక్కడ నాణెం పనికొస్తుంది. కొరతగా ఉన్నది సమాచారమైతే దండగ. మీ ఉత్తరంలోని తగువులన్నిటికీ నేను ఈ ఒక్క కొలతే పెడుతున్నాను.

నిష్పక్షపాతం కోసం అదృష్టాన్ని పిలవడం మనకు చిన్నప్పట్నుంచీ అలవాటే. దాగుడుమూతలు ఆడే ముందు పంటలు వేసుకునేవాళ్లం కదా. ముగ్గురు చేతులు కలిపి ఊపి అరచేతులు తిప్పితే, వేరుగా పడినవాడు పండినట్టు. చివరికి పండకుండా మిగిలినవాడు దొంగ. వాడు ఏడ్చినా ఒప్పుకునేవాడు, ఎందుకంటే ఎవరూ వాణ్ని ఎంపిక చేయలేదు. పెద్దలకూ ఇదే నియమం చట్టంలో ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఇద్దరు అభ్యర్థులకు ఓట్లు సమానంగా వస్తే రిటర్నింగ్ అధికారి చీట్లు తీస్తారు, చీటీ ఎవరికి వస్తే వాళ్లకు ఒక ఓటు కలిసినట్టు లెక్క. తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవలకు ఎలక్ట్రానిక్ డిప్ తీసేదీ ఇందుకే. అడిగేవాళ్లు లక్షల్లో, టికెట్లు కొన్నే. అందరి భక్తీ భక్తే అయినప్పుడు ఎవరిని ముందు పంపాలో ఏ అధికారి తేల్చినా తగువే.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చేది కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరు శాసనం. పరాంతక చోళుడి కాలంలో, పదో శతాబ్దం మొదట్లో, ఆ ఊరి సభకు మనుషుల్ని ఎలా ఎంచుకోవాలో గుడి గోడ మీద చెక్కించారు. ఊరిని 30 వార్డులు చేసి, పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లాడి చేత తీయించేవాళ్లు. మీ మామయ్యగారు మనవడి చేత పొట్లం తీయించడం కొత్తదేమీ కాదన్నమాట. కానీ కుండలోకి పేరు చేరడమే అక్కడ అసలు కథ. వయసు 35కీ 70కీ మధ్య ఉండాలి. పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. చదువు ఉండాలి. గడిచిన మూడేళ్లలో ఆ పదవి చేసి ఉండకూడదు. ఇంతకుముందు పనిచేసి లెక్కలు చూపనివాడి పేరే కాదు, వాడి దగ్గరి చుట్టాల పేర్లు కూడా కుండలో పడవు. అంటే ఆలోచించాల్సిందంతా ముందే ఆలోచించేసి, ఎవరు వచ్చినా ఫరవాలేదు అన్న స్థితికి వచ్చాకే పిల్లాణ్ని పిలిచారు. చివరి అంగుళం మాత్రమే అదృష్టానిది.

మీ స్కూలు సమస్యను ఈ పద్ధతిలో చూద్దాం. రెండు స్కూళ్లు చూశాం, తేలడం లేదు అన్నారు. ఏమేం చూశారో రాయలేదు. ఫీజు అంటే ట్యూషన్ ఫీజు ఒక్కటేనా, బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి ఏడాదికి ఎంతో లెక్క వేశారా? పొద్దున ఎనిమిదింటి ట్రాఫిక్‌లో బస్సు ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూశారా? సెక్షన్‌లో ఎంతమంది పిల్లలు? హోంవర్క్ ఎంత? బాబుకు జ్వరం వచ్చి మధ్యాహ్నం ఫోన్ చేస్తే మామయ్యగారు ఆటోలో వెళ్లి తీసుకురాగలిగేంత దూరంలో ఉందా? నన్నడిగితే, స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, రెండో తరగతి పిల్లాడి తల్లిని ఒకరిని పలకరిస్తే వచ్చే సమాచారం ప్రిన్సిపాల్ గదిలో గంట కూర్చున్నా రాదు. ఇవేవీ అడక్కుండా టాస్ వేస్తే అది నిర్ణయం కాదు, తప్పించుకోవడం.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్లలో కొందరి చేత నాణెం ఎగరేయించి చూస్తే, ఎగరేసినవాళ్లు ఇంకా సమాచారం కావాలని అడగడం తగ్గింది. నాణెం మాట విని తీరాలని షరతేమీ లేదు, అది ఒక సలహా మాత్రమే. అయినా మనసు "ఇక చాలు" అనేసుకుంది. టిఫిన్ విషయంలో ఇది వరం. మీకు దొరికిన హాయి అదే. స్కూలు విషయంలో ఇదే ప్రమాదం. అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉండగానే అడగాలన్న కోరిక చచ్చిపోతుంది. అందుకే అదృష్టం ఎప్పుడూ చివర్న రావాలి. మొదట్లోనే వస్తే మిగతా పని ఆగిపోతుంది.

ఒక గడువు పెట్టుకోండి. రెండు వారాలు చాలు. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు తెచ్చుకోండి. ఒకటి తేలిపోతే సరే. అప్పటికీ రెండూ సమానంగానే కనిపిస్తే నిశ్చింతగా చీటీ తీయండి. మీరు భయపడాల్సిన తప్పు ఇక జరగదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి ఎంపికే లాటరీతో జరుగుతుంది. అక్కడ డ్రాలో సీటొస్తే సంతోషించే తల్లిదండ్రులు, ఇంట్లో తీసిన చీటీకి సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ ఈ చీటీని మాత్రం బాబు చేత తీయించకండి. రేపు ఆ స్కూల్లో ఏదో బాగోలేదనుకోండి, "నువ్వే తీశావుగా" అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆరేళ్ల పిల్లాడికి అంత బరువు ఎందుకు? మీరిద్దరిలో ఎవరైనా తీయండి.

నాణెం గాల్లో ఉండగానే మన మనసుకు ఏం కావాలో తెలిసిపోతుందని చాలామంది చెబుతారు. మీ ఆఫీసు స్నేహితురాలు కూడా చెప్పే ఉంటారు. ఇది సగం నిజం. ఉప్మా పడగానే "అయ్యో" అనిపించిందంటే మీకు దోసె కావాలి, దోసెలే పోసుకోండి, నాణెం ఏమీ అనుకోదు. అయితే ఆ "అయ్యో" చెప్పేది మీకు ఏది ఇష్టమో. ఏది మంచిదో కాదు. కొత్తదంటే భయం వల్ల కూడా అయ్యో అనిపిస్తుంది. పాత ఉద్యోగం, పాత ఊరు, పాత దారి పోతుందంటే ఎవరికైనా గుండె జారుతుంది, ఆ పాతది ఎంత విసిగించినా సరే. కాబట్టి తిండి, బట్టల విషయంలో ఆ చప్పుడు వినండి. పెద్ద విషయాల్లో అది విన్నాక "ఎందుకు?" అని ఒక ప్రశ్న కూడా వేయండి.

ఇక మీ ఇంటి టాస్‌ల సంగతి. అత్తయ్యగారి ఫిర్యాదులో నేను సగం ఆవిడ పక్షమే. గిన్నెలు తోమడానికి టాస్ వేయకండి. రోజూ ఉండే పనికి వంతులు ఉండాలి. నాణేనికి జ్ఞాపకం ఉండదు, నిన్నా మొన్నా ఎవరు తోమారో దానికి పట్టదు. ఏడాది మొత్తం మీద లెక్క దాదాపు సరిపోవచ్చు గానీ, మంగళవారం నుంచి శనివారం దాకా వరసగా తోమినవాళ్లకు ఆ లెక్కతో పనేముంది? మొదటి వంతు ఎవరిది అన్నదానికి మాత్రం టాస్ బాగుంటుంది. రైట్ సోదరులు చేసింది అదే. 1903 డిసెంబరు 14న విమానం ముందు ఎవరు నడపాలని టాస్ వేస్తే విల్బర్ గెలిచాడు. ఎక్కాడు, లేచీ లేవకముందే విమానం కింద పడి దెబ్బతింది. బాగు చేసుకుని 17న మళ్లీ సిద్ధమైతే, ఈసారి వంతు తమ్ముడు ఆర్విల్‌ది. 12 సెకన్లు, 120 అడుగులు. చరిత్రలో ఇంజిన్ విమానాన్ని మొదట ఎగరేసినవాడు టాస్ ఓడినవాడే. విల్బర్ "మళ్లీ టాస్ వేద్దాం" అనలేదు చూడండి, ఆ ఇంటి పెంపకాన్ని మెచ్చుకోవాలి.

"ఎప్పుడు చూసినా నీదే పడుతుందేం" అన్న మాటకూ జవాబు ఉంది. న్యాయమైన నాణేనికి వరసగా నాలుగుసార్లు మీకే పడే అవకాశం 16లో ఒకటి. రోజూ టాస్ వేసే ఇంట్లో నెలకోసారైనా కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద వరసలూ వస్తాయి. 2023 నవంబరులో అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌తో మొదలుపెట్టి మన క్రికెట్ జట్టు వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడింది. ఏదైనా ఒక 20 టాస్‌ల వరసను తీసుకుంటే ఇలా జరిగే అవకాశం 10 లక్షల 48 వేలలో ఒకటి. చివరికి 2025 డిసెంబరులో విశాఖపట్నంలో కేఎల్ రాహుల్ ఎడమ చేత్తో నాణెం ఎగరేసి గెలిచాడు. ఎడమ చేతికి మహిమ ఉందని అక్కడివాళ్లు అనుకుంటే అనుకోనివ్వండి. ఈ మధ్యలో 2025 చాంపియన్స్ ట్రోఫీని ఒక్క టాస్ కూడా గెలవకుండా మన జట్టే గెలుచుకుంది. కాబట్టి వరసగా పడిందని మోసం అనుకోనక్కర్లేదు, శని పట్టిందనీ అనుకోనక్కర్లేదు.

అయినా అనుమానం రావడానికి సందు ఉంచకుండా ఉండటం మంచిది. 2023లో కొందరు పరిశోధకులు 48 మంది చేత 3,50,757 సార్లు నాణేలు ఎగరేయించి లెక్క రాశారు. ఎగరేసే ముందు ఏ ముఖం పైకి ఉంటే అదే ముఖంతో పడటం 50.8 శాతం. తేడా అతి చిన్నది, టిఫిన్‌కి లెక్కలోకి రాదు. కానీ ఎగరేసేదీ మీరే, బొమ్మ అనేదీ మీరే అయితే అత్తగారికి కనబడేది శాతం కాదు, మీ చెయ్యి. ఒకరు ఎగరేయండి, నాణెం గాల్లో ఉండగా ఇంకొకరు చెప్పండి. ఏది పడితే ఏం చేయాలో ఎగరేసే ముందే గట్టిగా పైకి అనుకోండి. పడ్డాక "మూడింట్లో రెండు" అని మొదలుపెట్టారా, ఇక ఆ ఇంట్లో టాస్‌కు విలువ పోయినట్టే. అందరం ఫోన్‌తోనే డబ్బులు కట్టేస్తున్నాం కాబట్టి జేబులో రూపాయి బిళ్ల దొరక్కపోవచ్చు. పోపుల డబ్బా పక్కన ఒకటి పెట్టుకోండి. ఫోన్‌లో టాస్ వేసే యాప్‌లు ఉన్నాయి గానీ, పెద్దవాళ్లున్న ఇంట్లో కళ్ల ముందు తిరిగే బిళ్లకు ఉన్న నమ్మకం యాప్‌కు రాదు.

ఐదుగురున్న మీ ఇంటికి నిజానికి నాణెం కన్నా చీట్లు మేలు. నాణేనికి రెండే ముఖాలు. ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తలా ఒక చీటీ రాస్తే అందరి మాటా డబ్బాలో పడుతుంది, అత్తయ్యగారి మాటతో సహా. ఆవిడ కోపంలో సగం తన మాట ఎవరూ అడగడం లేదనేమో చూడండి. చీట్లతో ఇంకో సౌకర్యం ఏమిటంటే మొగ్గును కూడా రాసుకోవచ్చు. ఇంట్లో ఎక్కువమందికి ట్యాంక్‌బండ్ ఇష్టమైతే దాని పేరుతో మూడు చీట్లు, మిగతా వాటికి ఒక్కోటి. దేని పేరైనా వస్తే ఇంట్లో ఒకరికి నిజంగా బాధ కలుగుతుందనుకుంటే ఆ చీటీ అసలు రాయకండి. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులుంటే కొండ ఎక్కే చోటు ఆ డబ్బాలో ఉండకూడదు. ఉత్తరమేరూరు కుండ ఇక్కడా పనికొస్తుంది.

వారానికి ఒకటో రెండో చీట్లు "ఎప్పుడూ చేయనిది" అని రాసి వేయండి. ఎప్పుడూ వండని కూర, ఎప్పుడూ వెళ్లని దారి, ఎప్పుడూ ఎక్కని హోటల్ మెట్లు. అలవాటు మనల్ని ఎంతగా కట్టేస్తుందో 2014 ఫిబ్రవరిలో లండన్ మెట్రో సమ్మె చూపించింది. కొన్ని స్టేషన్లు మూతపడి జనం వేరే దారుల్లో ఆఫీసులకు వెళ్లాల్సొచ్చింది. సమ్మె అయిపోయాక చూస్తే, వాళ్లలో సుమారు 5 శాతం మంది కొత్త దారినే ఉంచేసుకున్నారు. రోజూ వెళ్లేవాళ్లే, అంతకన్నా మంచి దారి పక్కనే ఉందని సమ్మె వచ్చేదాకా తెలియలేదు. మిగతావాళ్లు పాత దారికే వెళ్లిపోయారు, వాళ్లకు పోయిందీ లేదు. ఇంట్లో అలాంటి చిన్న సమ్మె అప్పుడప్పుడూ మీరే చేయించొచ్చు. కూర చెడిపోతే ఆవకాయ ఉండనే ఉంది.

మామయ్యగారి పూల పొట్లాల జోలికి వెళ్లకండి. "మీది మాత్రం టాస్ కాదా" అని వాదనకు దిగితే మీకు ఒరిగేదేమీ లేదు. ఆయన లెక్కలో జవాబు ఇచ్చేది దేవుడు, మీ లెక్కలో ఎవరూ కాదు. తేడా అంతే. ఆయన స్థలం కాగితాలు, ఈసీ (స్థలం మీద తాకట్లు ఏమైనా ఉన్నాయేమో చెప్పే పత్రం) అన్నీ చూపించుకున్నాకే పువ్వు అడుగుతున్నారా అన్నది మాత్రం గమనించండి. చూపించుకున్నాకే అయితే ఆయన పద్ధతిలో నాకు లోపం కనబడదు. కాగితాలు చూడకుండా పువ్వు అడుగుతుంటే మాత్రం మీ ఆయన చేత చెప్పించండి. అలాగే ఆపరేషన్ చేయించుకోవాలా, మందు మానేయాలా వంటివి ఏ రూపంలోనూ చీటీ మీదికి రాకూడదు. అక్కడ కావాల్సింది ఇంకో డాక్టరు అభిప్రాయం.

ఇప్పుడు బెంగళూరు. మీ ఆయన మాట పైకి చాలా న్యాయంగా ఉంది. బొమ్మకు సగం, బొరుసుకు సగం, ఇద్దరికీ ఒకే నాణెం. కానీ ఏది పడితే ఎవరికి ఏం పోతుందో రాసి చూడండి. బొమ్మ పడి వెళ్లారనుకోండి, ఆయనకు జీతం పెరుగుతుంది, మీకు ఉద్యోగమే పోతుంది. బొరుసు పడి ఆగారనుకోండి, ఆయనకు రావాల్సిన పెంపు రాదు, ఉన్నది ఉంటుంది. మీకు కొత్తగా వచ్చేదేమీ లేదు, ఉన్న ఉద్యోగం ఉంటుంది, అంతే. అంటే ఈ ఆటలో ఆయన గెలిస్తే లాభం, ఓడితే సున్నా. మీరు గెలిస్తే సున్నా, ఓడితే నష్టం. నాణెంలో మోసం లేదు. మోసం అనే మాట కూడా పెద్దది, ఆయన ఇంత ఆలోచించి అని ఉండరు. కానీ పందెమే ఒక వైపుకు ఒరిగి ఉంది. అందుకే మీకు మనసు రాలేదు. మీరు వెతుకుతున్న కారణం ఇదే.

సభలో ద్రౌపది పాచికలు సరిగ్గా పడ్డాయా అని అడగలేదు. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిదని అడిగింది. అంత పెద్ద పోలిక మీ ఇంటికి తేవడం నాకిష్టం లేదు, మీ ఆయనకు ఈ వాక్యం చదివి వినిపించకండి కూడా. కానీ ఆమె ప్రశ్న వరస సరైనది. పందెంలోకి దిగే ముందు అడగాల్సింది, ఇందులో పెట్టింది ఎవరిది అని.

ఆయన ఇంకో వాదన తేవచ్చు. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఇలాంటి నిర్ణయాలకే నాణెం ఎగరేయించాడు. ఉద్యోగం మానాలా, సంబంధం తెంచుకోవాలా అని ఎటూ తేల్చుకోలేని జనం ఇంటర్నెట్‌లో 20 వేలకు పైగా టాస్‌లు వేశారు. ఆరు నెలల తర్వాత అడిగితే, పెద్ద విషయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఉన్నచోటే ఉండిపోయినవాళ్లకన్నా సంతోషంగా ఉన్నామన్నారు. మనుషులు ఎటూ తేల్చుకోలేనప్పుడు అవసరానికి మించి పాతదాన్నే పట్టుకుంటారని దీనివల్ల అర్థమవుతుంది. మీరు కూడా ఆలోచించాల్సిన సంగతే ఇది. బెంగళూరు అనగానే మీకు కలిగిన బెరుకులో కొంత ఇలాంటిదే కావచ్చు. కానీ వాళ్లు ఎవరి సందేహానికి వాళ్లే టాస్ వేసుకున్నారు, వచ్చే లాభనష్టాలు ముందుగా వాళ్లవే. అక్కణ్నుంచి "కాబట్టి నీ ఉద్యోగానికి టాస్ వేద్దాం" అన్నచోటికి దారి లేదు.

మరి ఏం చేయాలి? ఇద్దరు పిల్లలకు ఒక బర్ఫీ ఇస్తే ఒకడు ముక్కలు చేయాలి, ఇంకొకడు ముందు తీసుకోవాలి. ముక్కలు చేసేవాడు చచ్చినట్టు సమానంగా కోస్తాడు. మీ ఆయన్ను అలాగే రెండు కాగితాలు రాయమనండి. ఒకటి వెళ్లే ప్లాన్, ఒకటి ఆగే ప్లాన్. ఎంచుకునేది మీరు. వెళ్లే ప్లాన్‌లో మీ ఉద్యోగం సంగతి ఏమిటో ఉండాలి. మీ ఆఫీసుకు బెంగళూరులో బ్రాంచి ఉందా, బదిలీ అడగొచ్చా, కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేయనిస్తారా? లేకపోతే మీరు కొత్త ఉద్యోగం వెతుక్కునేదాకా బాబును ఎవరు చూస్తారు, మీ పేరున నెలనెలా ఎంత జమ అవుతుంది, అత్తయ్య మామయ్య వస్తారా ఇక్కడే ఉంటారా, ఏడాది తర్వాత బాగోలేదంటే తిరిగి రావడం ఎలా? ఆగే ప్లాన్‌లో ఆయనకు పోయేదానికి బదులు ఏమిటో ఉండాలి. ఇక్కడే వేరే ఉద్యోగాలు వెతకడానికి ఆరు నెలలు ఇంటి పనుల్లో ఆయనకు వెసులుబాటు ఇస్తారా? ఆ తర్వాత వచ్చే అవకాశానికి మీరు సరేనంటారా? బాబు స్కూలు అడ్మిషన్ కూడా దీంతోనే ముడిపడి ఉంది కాబట్టి, ఇక్కడి స్కూలుకు తిరిగి రాని ఫీజులేవీ ఇప్పుడే కట్టేయకండి.

ఆ కాగితాలు రాస్తూ రాస్తూ ఒకటి బరువు తేలిపోవచ్చు. చాలా ఇళ్లలో అక్కడితోనే అయిపోతుంది. లేదా రెండూ దిద్దుకుంటూ దిద్దుకుంటూ ఏదొచ్చినా ఇద్దరికీ సమ్మతమే అన్నచోటికి రావచ్చు. అలా వస్తే అప్పుడు టాస్ వేసుకోండి, నేను వద్దనను. ఆయన ఎగరేయాలి, మీరు చెప్పాలి. కంపెనీకి ఏ తేదీలోగా జవాబు చెప్పాలో ఈ రాత్రే ఆయన్ను అడిగి తెలుసుకోండి. టైం చాలదనుకుంటే ఇంకో వారం ఇవ్వమని కంపెనీకి ఒక మెయిల్ పెట్టించండి. అడిగినంత మాత్రాన ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకోవడం అరుదు.